మెట్ల కింద నారింజ

మాలెట్స్ ఫోర్క్, కెంటకీ
అక్టోబరు 10, 1993

వెర్డీ చిన్నమ్మమ్మకి,

నీతో మాట్లాడాలంటే ఉత్తరమే గతి. ఫోను చేస్తే చెవి మిషను కూత పెడుతోందని ఠక్కున పెట్టేస్తావు. "మా పిన్నితో కబుర్లాడాలంటే స్టాంపు అంటించుకోవాల్సిందే" అని అమ్మ నవ్వుతోంది. అమ్మ బాగానే ఉంది. ఇంకా థాకర్‌బీ బొగ్గు కంపెనీ ఆఫీసులోనే చేస్తోంది. పొద్దస్తమానం ఫైళ్ళ ముందు కూర్చుని నడుం పట్టేసిందని సణుగుతోంది.

ఇక నా ఏడుపు విను. ఈ ఏడాది అమెరికా చరిత్ర పెద్ద క్లాసులో చేరాను. కాలేజీ వాళ్ళు చదివే చరిత్రని మాకు హైస్కూల్లోనే కుక్కుతారు. మే నెలలో దేశమంతటా ఒకే పరీక్ష పెడతారు. అందులో గట్టెక్కితే కాలేజీలో ఆ సబ్జెక్టు మళ్ళీ చదవక్కర్లేదు. మన లోయలోంచి కాలేజీకి వెళ్ళాలంటే చేతిలో ఇలాంటివి ఒకటి రెండు ఉండాలట. అందుకని చేరాను తప్ప ఇష్టమై కాదు.

పుస్తకం తలుపుకి అడ్డం పెట్టుకునేంత లావుంది. మన కొండల గురించి ఏముందా అని వెతికాను. ఒక్క వాక్యం దొరికింది. "బొగ్గు గనుల్లో కూడా అశాంతి చెలరేగింది" అట. ఆ "కూడా" చూసి నాకు రోత పుట్టింది. మీ నాన్న, ఆయన తమ్ముళ్ళు, ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకునే ఆ సమ్మె, ఆ గుడారాలు, ఆ తుపాకులు, అన్నీ కలిపి ఒక "కూడా".

మా టీచరు మిస్టర్ ఎస్టెప్. ఎండాకాలంలోనూ స్వెట్టరే వేసుకుంటాడు. ఏ పాత కాగితం చేతికిచ్చినా మూడు ప్రశ్నలు అడగమంటాడు: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా అడిగి కంపెనీ రోజుల సంగతి ఒకటి పట్టుకురమ్మన్నాడు. ఓలా అమ్మమ్మ బతికున్నప్పుడు అడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది. ఇప్పుడు మిగిలింది నువ్వే. ఏదో ఒకటి రాయవా.

నీ మనవరాలు
ట్వైలా

*

హామిల్టన్, ఒహాయో
అక్టోబరు 24, 1993

ట్వైలా తల్లీ,

నీ చేతిరాత అచ్చం మీ తాతది, కోడి గెలికినట్టు ఉంది. కళ్ళజోడు మార్చుకుని రెండుసార్లు చదివాను.

పక్కింటివాడు ఆకులు ఊదే మిషను కొన్నాడు. వాడి చెట్టు ఆకుల్ని నా వాకిట్లోకి ఊది, చేతులు దులుపుకుని లోపలికి పోతాడు. వాడు దాన్ని బయటికి తీయగానే నేను చెవి మిషను తీసేసి టేబులు మీద పెడతాను. ఈ వయసులో నాకు దక్కిన సుఖం అదొక్కటే.

"మిగిలింది నువ్వే" అని రాశావే, చావు కబురులా ఉంది. సరే, కంపెనీ గురించి చెప్పమన్నావు. ఏం చెప్పను? క్రిస్మస్ రోజున కంపెనీ కొట్టు మెట్ల మీద పిల్లలకి నారింజ పళ్ళు పంచేవాళ్ళు. గని సూపరింటెండెంటు పెళ్ళాం స్వయంగా వచ్చేది, చేతులకి తెల్లటి తొడుగులు వేసుకుని. బుట్ట పట్టుకోవడానికి వెనకాల ఒక మనిషి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నేనూ మీ అమ్మమ్మా చేతులు పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాం. ఆ నారింజ రుచి ఇప్పటికీ నా నాలుక మీంచి పోలేదు. డెబ్బై ఏళ్ళొచ్చాయి, నిన్న తిన్నది గుర్తుండదు, అది మాత్రం గుర్తుంటుంది. అంతకన్నా నేను రాయక్కర్లేదు, మిగతాది మీ అమ్మమ్మ నీకు చెప్పే ఉంటుంది. ఆ థాకర్‌బీ దొర ఎంత ధర్మాత్ముడో ఆ మెట్లకి తెలుసు.

మీ అమ్మని నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టుకోమను. ఆ కంపెనీ వాళ్ళ కోసం నడుం విరగ్గొట్టుకోవడం మన వంశానికి కొత్తేం కాదు.

వెర్డీ

*

మాలెట్స్ ఫోర్క్
డిసెంబరు 12, 1993

చిన్నమ్మమ్మా,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. మిస్టర్ ఎస్టెప్ స్వెట్టరు బొత్తాం విప్పాడు. ఆయనకి సంతోషం వేస్తే చేసే పని అదొక్కటే.

జనవరిలో మా క్లాసులో ఒక విచారణ జరుగుతుంది. పాతకాలపు పెద్ద వ్యాపారిని ఎవరో ఒకరిని బోనులో నిలబెడతాం. దేశాన్ని దోచుకున్నాడా, కట్టాడా అని వాదిస్తాం. ప్రతి ఏడూ ఎవడో రైళ్ళవాడో చమురువాడో దొరుకుతాడు. ఈసారి మన ఊరి పెద్ద దొర థాకర్‌బీనే నిలబెడదామని ఎస్టెప్ అన్నాడు. ఎవరు ఏ పక్షమో ఆయన బేస్‌బాల్ టోపీలోంచి చీటీ తీసి చెబుతాడు. ఇక నోరెత్తకూడదు. ఏ పక్షం పడితే ఆ పక్షాన ప్రాణం పెట్టి వాదించాలి. అలా చేస్తేనే బుర్ర పదునెక్కుతుందట, పరీక్షలో కూడా అదే కావాలట. వచ్చే సోమవారం చీటీలు.

నీ నారింజ సంగతి ఆధారంగా వాడుకోనా? నీ పేరు చెప్పవచ్చా? పేరు లేని ఆధారానికి మార్కులు రావు.

పరీక్షంటే గుర్తొచ్చింది, ఇప్పటిదాకా ఎనిమిది వ్యాసాలు రాయించాడు. దేనికెన్ని మార్కులో ముందే చెప్పేస్తాడు. మొదటి వాక్యంలో వాదన చెబితే ఒకటి, కాగితాలు వాడితే ఇన్ని, ఎదుటి పక్షాన్ని ఒకసారి గౌరవంగా తలుచుకుంటే ఇంకొకటి. మనుషులు చచ్చిన సంగతి రాస్తూ మార్కులు లెక్కపెట్టుకోవడం అలవాటైపోయింది. అసహ్యంగానే ఉంది, కానీ నాకు బాగా వచ్చింది.

ట్వైలా

*

హామిల్టన్
జనవరి 2, 1994

ట్వైలా తల్లీ,

వాడుకో. నా పేరు పెట్టి మరీ చెప్పు. పెళ్ళికి ముందు ఇంటిపేరు కూడా చెప్పు, ఆ కంపెనీ వాళ్ళకి ఆ పేరు గుర్తుండాలి. ఆ ముసలి థాకర్‌బీని నలుగురిలో నిలబెట్టి అడిగే రోజు వస్తుందనుకోలేదు. ఎస్టెప్ అనే ఆ మనిషికి ఒక దండం.

కొత్త సంవత్సరం రోజున చర్చి వాళ్ళు ఒంటరి ముసలివాళ్ళకి పళ్ళ బుట్టలు పంచారు. ఆపిల్స్ ఉంచుకుని నారింజలన్నీ ఎప్పటిలాగే పక్కింటివాడి పిల్లలకిచ్చేశాను. వాడి మొహం చూసి కాదు, పిల్లలు మంచివాళ్ళు.

చీటీలో ఏం పడిందో రాయలేదు. పడేదేదో పడే ఉంటుందిలే. కడిగి పారెయ్.

వెర్డీ

*

మాలెట్స్ ఫోర్క్
ఫిబ్రవరి 6, 1994

చిన్నమ్మమ్మా,

గెలిచాం. గెలిచాం అంటే నేనే గెలిపించాను.

నాకు దొర పక్షం పడింది. చీటీ చూడగానే మార్చమని అడిగాను, ఎస్టెప్ ఒప్పుకోలేదు. "నీకు అసహ్యమైన పక్షం కోసం వాదించగలిగితే ఏ పరీక్షకీ భయపడక్కర్లేదు" అన్నాడు. అవతలి పక్షాన బ్రెంట్ అని మా క్లాసువాడు. వాడు గనిలో చచ్చిపోయినవాళ్ళ లెక్కలు చదివాడు, జనం ఆవలించారు. నేను లేచి నీ గురించి చెప్పాను. కొండల్లో ఎనిమిదేళ్ళ పిల్ల, క్రిస్మస్ పొద్దున మెట్ల దగ్గర నిలబడింది, తెల్లటి తొడుగులు వేసుకున్న దొరసాని స్వయంగా వచ్చి పళ్ళు పంచింది, డెబ్బై ఏళ్ళకి కూడా ఆ రుచి ఆ పిల్ల నాలుక మీంచి పోలేదు అన్నాను. "దోచుకునేవాడు నారింజ పళ్ళు పంచుతాడా?" అని కూర్చున్నాను. తీర్పు చెప్పే పన్నెండు మందిలో పది మంది నా పక్షాన చేతులెత్తారు. బ్రెంట్ నన్ను దాటిపోతూ "ఛీ" అన్నాడు. ఓడిపోయాడు కదా, అంటాడు మరి.

మన ఊరి వారపత్రికలో నా ప్రసంగం మొత్తం వేశారు, నీ పేరుతో సహా. అమ్మ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారట. కంపెనీ ప్రతి ఏడూ మా స్కూల్లో ఒకరికి కాలేజీ చదువు చెప్పిస్తుంది. ఈ ఏడాది నా పేరు అనుకుంటున్నారని ఎస్టెప్ చెవిలో వేశాడు. చిన్నమ్మమ్మా, నువ్వు అక్కడ కూర్చుని నన్ను కాలేజీకి పంపించేలా ఉన్నావు.

నీ ట్వైలా

*

హామిల్టన్
ఫిబ్రవరి 20, 1994

ట్వైలాకి,

నీ ఉత్తరం రాకముందే హెట్టీ ఆ పత్రిక ముక్క తెచ్చి చూపించింది. హెట్టీ మన లోయ మనిషే, మా పక్క గుడారంలో పుట్టింది, ఇప్పుడు ఇక్కడ మా వీధిలోనే ఉంటూ ఊరి పత్రిక తెప్పించుకుంటుంది. చదివి నా మొహం చూసి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

చీటీలో ఏది పడితే అది పలికే నోరు మన ఇంట్లో ఇంతవరకు లేదు. మా నాన్నకి కూడా పక్షం మార్చుకోమని చాలామంది చెప్పారు. ఆయనకి ఎవరూ టోపీలోంచి చీటీ తీసి ఇవ్వలేదు.

మీ అమ్మమ్మ చెప్పిందంతా విని కూడా ఇలా రాయగలిగావంటే నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు. నా పేరు పెట్టమన్నాను, అది నా తెలివితక్కువ. ఇక దాన్ని ఎక్కడా వాడకు. కాలేజీకి వెళ్ళు. నా భుజాల మీద ఎక్కి మాత్రం వెళ్ళకు.

వెర్డీ

*

మాలెట్స్ ఫోర్క్
మార్చి 5, 1994

చిన్నమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడవలేదు, కోపం వచ్చింది. పేరు పెట్టి మరీ చెప్పమన్నది నువ్వు. రుచి నాలుక మీంచి పోలేదని రాసింది నువ్వు. నీ మాట ఒక్కటి మార్చలేదు, కావాలంటే పత్రికలో చూసుకో. చీటీ పడటం నా తప్పా? ఇది క్లాసు. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. నిరుడు ఈ క్లాసు చదివిన పిల్లలు ఇంతకన్నా దుర్మార్గులని సమర్థించారు, వాళ్ళ అమ్మమ్మలెవరూ వాళ్ళని వెలేయలేదు.

ఇంకొకటి. అమ్మమ్మ నాకు అంతా చెప్పిందన్నట్టు రెండుసార్లు రాశావు. ఓలా అమ్మమ్మ నాకేమీ చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదట. కంపెనీ రోజుల గురించి అమ్మ అడిగితే "ఆకలేస్తోందా, రొట్టె పెట్టనా" అనేదట, అంతే. నారింజ అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. అసలు ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లోకి నారింజ పండే రాలేదు. ఆవిడ ఒంటికి పడదని అమ్మ తెచ్చేది కాదు.

నువ్వు కోప్పడినా చెప్పాల్సింది చెబుతాను. కంపెనీకి ఈ ఏప్రిల్‌తో వందేళ్ళు. మా స్కూలు జిమ్‌లో పెద్ద సభ. కంపెనీ తరఫున ప్రూయిట్ అనే ఆయన వచ్చి నా ప్రసంగం అక్కడ చదవమన్నాడు. "ఆ పాత ఆచారం మళ్ళీ మొదలుపెడదాం" అని చిన్నపిల్లలందరికీ నారింజ పళ్ళు పంచుతాడట. గోడలకి నారింజ బొమ్మలు అప్పుడే అంటించేశారు. నిన్ను కారు పంపించి రప్పిస్తాడట, మొదటి పండు నీ చేత ఇప్పిస్తాడట. ఆయన పళ్ళు మరీ తెల్లగా ఉంటాయి. ఆ మనిషిని చూస్తే నాకు ఎందుకో చేతులు కడుక్కోవాలనిపించింది.

నీకు ఏం కోపమో తిన్నగా చెప్పు. నాకు తెలియని దానికి నన్ను తిట్టకు.

ట్వైలా

*

హామిల్టన్
మార్చి 13, 1994

ట్వైలా తల్లీ,

ఓలా నీకు చెప్పలేదా. నేను ఇన్నేళ్ళూ చెప్పే ఉంటుందనుకున్నాను. దాని నోరు అంత గట్టిదని నాకు తెలియదు. అయితే కూర్చుని చదువు.

1931 క్రిస్మస్. నాన్న యూనియన్‌లో పేరు రాయించుకున్నాడు. సమ్మె ఎండాకాలంలో మొదలైంది. కంపెనీ కాపలావాళ్ళు వచ్చి మా మంచాలు, కుండలు బురదలో పడేసి కంపెనీ ఇచ్చిన ఇంటికి తాళం వేశారు. వాగు అవతల గుడారంలో ఉన్నాం. అమ్మ చిక్కుడు గింజలు ఉడకబెట్టిన నీళ్ళు పోసేది, గింజలు చిన్నతమ్ముడికి.

నారింజలు పంచుతున్నారని తెలిసి నేనూ ఓలా వెళ్ళాం. అమ్మ వెళ్ళొద్దంది, నేనే ఏడ్చి వెళ్ళాను. పనిలోకి పోతున్నవాళ్ళ పిల్లలు మెట్ల పైన, మేం కింద. ఎవరూ చెప్పకుండానే ఎవరెక్కడ నిలబడాలో అందరికీ తెలుసు. ఆ దొరసాని ఒక్కొక్కరినీ "మీ నాన్న ఎవరమ్మా" అని అడిగి పండు ఇస్తూ దిగింది. నా దాకా వచ్చింది. పండు నా అరచేతిలో పెట్టింది కూడా. చల్లగా, బరువుగా ఉంది. నాన్న పేరు చెప్పాను. ఆ పండు మళ్ళీ నా చేతిలోంచి తీసుకుంది.

"మీ నాన్నని రేపు గనిలోకి దిగమని చెప్పు. వచ్చే క్రిస్మస్‌కి నీకు రెండిస్తాను" అంది. నవ్వుతూనే అంది. పైనున్న పెద్దవాళ్ళు కూడా నవ్వారు, చిన్నపిల్లతో సరసమాడినట్టు.

పై మెట్ల పిల్లలు అక్కడే కూర్చుని ఒలుచుకుని తిన్నారు. తొక్కలు కిందికి విసిరారు. ఓలా ఒంగి వాటిని ఏరింది. గౌను అంచుకి తుడిచి సగం నాకిచ్చింది. కొట్టు వెనక్కి వెళ్ళి తిన్నాం. నా నాలుక మీంచి పోని రుచి అది. చేదు, దాని మీద బొగ్గు మసి. నారింజ లోపల ఎలా ఉంటుందో ఈ రోజుకీ నాకు తెలియదు. తినకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఓలా ఒంటికి పడకపోవడమేమిటి, రాయి తిన్నా అరిగేది దానికి.

దీన్ని మంచి సంగతిగా ఎవరైనా చదువుకుంటారని నా బుర్రకి తట్టనే లేదు. "ధర్మాత్ముడు" అని రాస్తే తిట్టానని తెలుస్తుందనుకున్నాను. మీ క్లాసులో వెటకారానికి మార్కులు ఉండవేమో.

కారు పంపించొద్దని ప్రూయిట్‌కి చెప్పు. నీ కాలేజీ సంగతీ మీ అమ్మ ఉద్యోగం సంగతీ నాకు తెలుసు. నువ్వు చదివినా నేను ఏమీ అనను. అనను అంటే ఉత్తరంలో అనను. ఆ మెట్ల మీద దొరసాని పక్కన నువ్వు నిలబడినట్టు మాత్రం నాకు కనిపిస్తూనే ఉంటుంది, దానికి నేనేం చేయలేను.

వెర్డీ

*

మాలెట్స్ ఫోర్క్
ఏప్రిల్ 24, 1994

చిన్నమ్మమ్మా,

నెల పైన అయింది, రాయడానికి మొహం చెల్లలేదు. చచ్చిపోయిన ప్రతి అధ్యక్షుడి కాగితాన్నీ "ఎక్కడ నిలబడి అన్నాడు" అని నిలదీశాను. నీ ఉత్తరాన్ని అడగలేదు. "మెట్ల కింద నిలబడ్డాం" అని నువ్వు రాసే ఉన్నావు. నేను ప్రసంగంలో దాన్ని "మెట్ల దగ్గర" చేశాను. నీ మాట ఒక్కటి మార్చలేదని నీ మీదే అరిచాను.

నీ ఉత్తరం ఎస్టెప్‌కి చూపించాను. చదివి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ప్రసంగం మార్చి చదువుతానన్నాను.

"మేలో పరీక్ష ఉంది కదా, అందులో ఇదంతా రాయి" అన్నాడు.

"పరీక్ష దిద్దేవాళ్ళకి చెప్పి ఏం లాభం సార్? అబద్ధం చెప్పింది ఈ ఊళ్ళో కదా."

"ట్వైలా, సభలో మీ అమ్మ యజమానులు ముందు వరసలో కూర్చుంటారు. నీ చదువు సాయం కాగితం మీద ఇంకా సంతకం కాలేదు. జిమ్‌లో పక్షాలు మార్చకు." అని స్వెట్టరు బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. ఏడాదంతా మాకు ధైర్యవంతుల కథలు చెప్పిన మనిషి. ఆయన మీద నాకు కోపం కన్నా రోతే ఎక్కువ వేసింది.

అమ్మకి ముందు చెప్పలేదు. చెబితే వద్దంటుందని భయం, సరేనంటే ఉద్యోగం పోతుందని భయం. నిజానికి సభకి వెళ్ళేదాకా ఏం చేస్తానో నాకే తెలియదు. పాత ప్రసంగం కాగితమే చేతిలో ఉంది. చదివేస్తే అయిపోతుంది, కాలేజీకి వెళ్ళాక నీ దగ్గరకొచ్చి కాళ్ళు పట్టుకుందామని కూడా అనుకున్నాను.

ముందు పళ్ళు పంచారు. చిన్నపిల్లల్ని స్టేజీ మెట్ల మీద వరసగా నిలబెట్టారు. ప్రూయిట్ బుట్టలోంచి తీసి ఇస్తూ, మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ నవ్వుతూ అడుగుతున్నాడు. "మీ నాన్న ఏ గనిలో చేస్తారు బాబూ? మీ నాన్నో?" ఆయనకేం తెలియదు చిన్నమ్మమ్మా. ముద్దుగా పలకరిస్తున్నాననే అనుకుంటున్నాడు. ఒక పిల్ల "మా నాన్నని తీసేశారు" అంది. జిమ్ అంతా గొల్లున నవ్వింది. ఆ పిల్లకీ పండు ఇచ్చాడులే. కానీ ఆ పిల్ల దాన్ని తినలేదు, గౌను జేబులో దాచేసుకుని ఎవరి వైపూ చూడకుండా నిలబడింది.

తర్వాత నన్ను పిలిచి నాకూ ఒకటి ఇచ్చాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పండు ఒలిచాను. లోపలిది తీసి ఆయన చేతిలో పెట్టాను, పాపం, పుచ్చుకున్నాడు. తొక్క నోట్లో వేసుకుని మైకు ముందు నమిలాను. నమిలిన చప్పుడు జిమ్ అంతా వినిపించింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, ఏడుపుతో కాదు, అంత చేదుగా ఉంది.

"మా వెర్డీ చిన్నమ్మమ్మ నాలుక మీంచి పోని రుచి ఇదండీ. మిగతాది పై మెట్లవాళ్ళు తిన్నారు. నేను క్లాసులో సగమే చెప్పాను, మిగతా సగం ఇప్పుడు చెబుతాను" అని నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. మీ నాన్న పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రూయిట్ ఆ పండు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. రసం ఆయన చొక్కా చేతుల్లోకి కారింది.

కారులో వెనక సీట్లో కంపెనీ వాళ్ళిచ్చిన నారింజల సంచి ఉంది. ఇంటికి వచ్చాక అమ్మ దాన్ని చెత్తడబ్బాలో పడేసి, వరండా మెట్టు మీద కూర్చుంది. "మా అమ్మకి ఇవి పడవనుకున్నాను. డాక్టరుకి కూడా అదే చెప్పాను" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది.

అమ్మ ఉద్యోగం ఉంది. పలకరించేవాళ్ళే లేరు. చదువు సాయం బ్రెంట్‌కి ఇచ్చారు. కంపెనీని బోనులో నిలబెట్టి తిట్టినవాడికే ఇచ్చారు. క్లాసులో తిట్టడం వాళ్ళకి పట్టలేదు. వాడు పుచ్చుకున్నాడు కూడా. నాకు "ఛీ" అనాలనిపించింది కానీ, ఆ మాట వాడు నన్ను ముందే అనేశాడు.

పరీక్ష మే ఆరున. రాస్తాను. కాలేజీ సంగతి తర్వాత చూద్దాం.

నీకు నా మొహం చూడాలని ఉంటేనే జవాబు రాయి.

ట్వైలా

*

హామిల్టన్
మే 1, 1994

ట్వైలా తల్లీ,

తొక్క కడుక్కుని తిన్నావా? ఈ రోజుల్లో నిగనిగలాడాలని దాని మీద మైనం పూస్తారు. మా తొక్కకి బొగ్గు మసే ఉండేది, అది నయం. కడుపులో ఏమైనా తేడాగా ఉంటే అల్లం నీళ్ళు తాగు.

నీ ఉత్తరం హెట్టీకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మూడోసారి తనే తీసుకుని చదువుకుంది. ఈసారి కోటు వేసుకుని వెళ్ళిపోలేదు, భోజనానికి ఉండిపోయింది. దాని తిండి నీకు తెలియదు, నా రెండు రోజుల కూర ఊడ్చేసింది.

మీ అమ్మకి చెప్పు, పరీక్షకి ముందురోజు బస్సుకి వస్తున్నాను. ఆఫీసులో పలకరించేవాళ్ళు లేకపోతే ఇంట్లో నేను పలకరిస్తాను, వద్దనేదాకా. పరీక్ష రోజు పొద్దున నీకు రొట్టె నేనే కాలుస్తాను. కాలేజీ సంగతి ముగ్గురం కూర్చుని మాట్లాడదాం. దేశంలో కాలేజీలన్నీ థాకర్‌బీ వాళ్ళ తాత కట్టించినవేం కాదు.

నీకు ఒకటి రాయలేదు. ఆ రోజు కొట్టు వెనకాల నేను తొక్క ఉమ్మేయబోతే ఓలా నా చెంప మీద ఒకటి వేసింది. "పిచ్చిదానా, నారింజలో బాగుండేది తొక్కే. లోపలంతా ఉత్త నీళ్ళు. వాళ్ళకి తెలియక పారేస్తున్నారు, మళ్ళీ అడుగుతారేమో, గబగబా తిను" అంది. దానికప్పుడు పదకొండేళ్ళు. నేను నమ్మాను. పై మెట్ల మీద పిల్లల్ని చూసి జాలి కూడా పడ్డాను, వెర్రిమొహాన్ని. అబద్ధమని తెలిశాక కూడా ఓలాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. బహుశా నేను ఇంకా నమ్ముతున్నానని అనుకునే అది నీకేమీ చెప్పకుండా పోయిందేమో.

నిన్న బజారుకి వెళ్ళి ఒక నారింజ పండు కొన్నాను. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని ఒలిచాను. తొక్క తీసి చెత్తబుట్టలో పడేశాను. ఒక్కొక్క తొనా తిన్నాను, గింజలు ఉమ్మాను.

తియ్యగా ఉంది తల్లీ. ఇంత తియ్యగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఒళ్ళు మండిపోయింది.

వెర్డీ